వాసన మొదలయ్యే చోట

ఊరు ఎక్కడిదాకా అని దొర అడిగాడట.
తోళ్ల కంపు మొదలయ్యేదాకా, అన్నాడు అమీను.
అక్కడొక రాయి పాతారు.
రాయికి ఇవతల చెన్నపట్నం,
అవతల మేము.

అలా పెరియమేట్లో, కూవానికి వీపు పెట్టి,
తాటాకు కప్పిన తోళ్ల చావిడి లేచింది.
ఒక త్రాసు. ఒక ఉప్పు కొట్టు. రాత్రిళ్లు కుక్కలకోసం ఒక కర్ర.
నెల్లూరు మేకతోళ్లు, కడప గొర్రెతోళ్లు,
గూడూరు దగ్గర ఇరుసు విరిగి
మూడు రోజులు ఎండలో మగ్గిన బండ్లు,
తంగేడు చెక్క మోపులు, కరక్కాయ బస్తాలు.
ఏడాదికో రెండేళ్లకో నల్లమల దిగి ఒక చెంచు
నీరుకుక్క తోలు భుజాన వేసుకొచ్చేవాడు.
చెయ్యి పెడితే వేళ్లు కనబడనంత బొచ్చు.
దాని ధర చావిడిలో ఎవరికీ తెలీదు.
పుస్తకంలో దాని ఎదురుగా ఇంతే ఉంది:
ఒకటి. దొరసాని కాళ్ల కిందికి.

ఆ పుస్తకాన్ని ఎగ్మూరు రికార్డాఫీసులో
ఒక మధ్యాహ్నం చూశాను.
మా తాతకు తాత, పెంచలయ్య, అందులో లేడు.
సంతకం చోట ఒక ఆరె బొమ్మ ఉంది.
అదే ఆయన.

ఆయన పని బొటనవేలితో.
తోలు తిరగేసి ఒక్కసారి రాస్తే చాలు:
ఇది ముళ్లకంప దూకిన మేక,
దీన్ని గోమార్లు పీల్చాయి,
దీన్ని ఒలిచినవాడి చెయ్యి వణికింది,
ఇది ఈనబోతూ చచ్చింది, పక్కన పెట్టండి.
ఒకటో రకం, రెండో రకం, తక్కు.
ఆయన తక్కు అంటే లండన్లో కూడా తక్కేనట.
మా నాయన చెబుతాడు. మా నాయన అరక్కోణం దాటలేదు.

బేరమంతా తువ్వాలు కింద.
గుడ్డ మాటున వేళ్లు వేళ్లను పట్టుకుని మాట్లాడుకుంటాయి.
రెండు పిసికితే రెండు, అరచేతిలో గీస్తే అర.
పైన మొహాలు వాన సంగతి చెప్పుకుంటుంటాయి.
శెట్టిగారు మాత్రం పెంచలయ్య చెయ్యి పట్టడు.
తోలు తాకిన చేతిని తాకకూడదు.
తోలు తెచ్చిన డబ్బును తాకొచ్చు.
అందుకని నేలమీద గులకరాళ్లు పేర్చి ధర చెప్పేవాడు,
నలుగురూ చూస్తుండగా.
నలుగురూ చూసిన ధర ఎన్నడూ పెరగదు.

తర్వాత ధాత కరువు.
వానలు రాలేదు, బండ్లొచ్చాయి.
చావిడి నిండి, వాకిలి నిండి, రాయి దాటి
పట్నం వైపుకి కూడా పేర్చారు.
ఉప్పు చాలలేదు. పురుగు కాళ్లమీదికి పాకింది.
ఆ ఏడు అందరూ బక్కచిక్కారు,
పుస్తకం ఒక్కటే లావెక్కింది.
ఒక్కో ఊరి పేరు కింద ముందు మేకలు, తర్వాత ఎద్దులు,
ఎద్దుల తర్వాత ఆ ఊరి పేరు మళ్లీ రాదు.
పుల్లంపేట అట్లా ఒక గీతతో ఆగింది.
పెంచలయ్య చెల్లెల్ని ఇచ్చింది అక్కడే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం
కీళక్కరై నుంచి మీరా లబ్బై అని ఒకాయనొచ్చి
తువ్వాలు పరిచి, కింద చెయ్యి పెట్టి,
పెంచలయ్య వంక చూశాడు.
ఈయన చాలాసేపు కూచునే ఉన్నాడట.
ఇంటికెళ్లాక ధర సంగతి ఎత్తలేదు.
"ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి" అన్నాడంతే.
ధర పుస్తకంలో ఉంది. శెట్టి ఇచ్చేదాని కన్నా
అణా తక్కువ.

ఊరు రాయిని ఎప్పుడు దాటిందో ఎవరూ రాసిపెట్టలేదు.
ఇప్పుడది ఒక బ్యాగుల షాపుకి మెట్టు,
అదేనని నేననుకుంటున్నాను.
లోపల ఏసీ చలి, అగరొత్తుల పొగ.
కుర్రాడు ఒక సంచి నా చేతిలో పెట్టి
"అసలు తోలన్నా, రెక్సిన్ కాదు" అన్నాడు.
బొటనవేలు తనంతట తనే కదిలింది.
నాకేం తెలుసు, నేను కరెంటాఫీసులో గుమాస్తాని.
అయినా ఒకచోట ఆగింది.
"తక్కు" అన్నాను, నాలో నేను.
తగ్గించమన్నాననుకున్నాడు వాడు.
నాలుగు వేళ్లు ఎత్తి చూపించాడు, ట్యూబులైటు కింద,
వీధంతా చూస్తుండగా.